యాంటీ ఆక్సిడెంట్ మాత్ర మనకు అవసరమా?



ఈ సంచికకు ఒక సైన్స్ వ్యాసం రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవాణ్ణి కాబట్టి క్యాన్సర్ గురించో జన్యువుల గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను మాత్రం ఒక మాత్ర గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఏడాది ముగ్గురు మనుషులు నన్ను మూడు చోట్ల అడిగింది దీని గురించే. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు సాధన చేస్తున్న మన హాస్టల్ తమ్ముడు ఒకడు "దీంతో స్టామినా పెరుగుతుందట అన్నా, వాడొచ్చా?" అన్నాడు. డిగ్రీ అయ్యాక గొలుసుకట్టు వ్యాపారంలో చేరిన సీనియర్ ఒకాయన "నువ్వు సైన్స్ చదివావు కదా తమ్ముడూ, మంచిదని నలుగురికీ చెప్పు" అన్నాడు. మూడో మనిషి మా అమ్మ. నాన్న అరికాళ్ల మంటలకు ఊళ్లో ఆర్.ఎం.పి. రాసిచ్చిన పట్టీ నా చేతిలో పెట్టి, "ఎప్పటికీ ఆపొద్దన్నాడు. నెలకు ఒక రోజు కూలి దీని కిందే పోతోంది. ఏం చేద్దాం నాయనా?" అని అడిగింది.

ముగ్గురూ చూపించింది ఒకే పదార్థం. దాని పేరు ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం. డబ్బా మీద 'శక్తివంతమైన యాంటీ ఆక్సిడెంట్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మీలో చాలామంది సంగతీ ఇదే. సెలవులకు ఇంటికి వెళ్తే బ్యాంకు కాగితం నుంచి రక్తపరీక్ష రిపోర్టు దాకా అన్నీ తెచ్చి మన ముందు పెడతారు. మనం "మంచిదే" అంటే కొంటారు, "వద్దు" అంటే మానేస్తారు. అందుకే ఈ మాత్ర సంగతి కాస్త వివరంగా రాయాలనిపించింది.

పది టన్నుల కాలేయం, 30 మిల్లీగ్రాములు

1940ల చివర్లో అమెరికా శాస్త్రవేత్తలు కొన్ని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తూ ఒక విషయం గమనించారు. చక్కెర విరగ్గా వచ్చే పైరువేట్ అనే పదార్థాన్ని వాడుకోవడానికి వాటికి ఏదో ఒక అంశం అవసరమవుతోంది. అదేమిటో తెలియదు. అది కాలేయంలో ఉందని మాత్రం తెలుసు. చివరికి 1951లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్టర్ రీడ్, ఆయన సహచరులు దాన్ని స్ఫటికాల రూపంలో పట్టుకున్నారు. అందుకోసం వాళ్లు వాడిన పశువుల కాలేయం ముడిసరుకు సుమారు 10 టన్నులు. చేతికి వచ్చింది 30 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కూడా కాదు, అందులో పదో వంతు ఉంటుందేమో! లేత పసుపు రంగు పొడి. కొవ్వులో కరిగే గుణం ఉంది కాబట్టి గ్రీకు భాషలో కొవ్వు అని అర్థం వచ్చే మాటతో లిపోయిక్ అని పేరు పెట్టారు. ఎనిమిది కార్బన్ల చిన్న కొవ్వు ఆమ్లం, దాని ఒక చివర రెండు గంధకం పరమాణువులు. అంతే దాని నిర్మాణం.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇప్పుడు మార్కెట్లో దొరికే ఒక పెద్ద మాత్రలో 600 మిల్లీగ్రాములు ఉంటుంది. రీడ్ బృందానికి దొరికిన దానికి 20 రెట్లు. ఆ లెక్కన ఒక్క మాత్రకు 200 టన్నుల కాలేయం కావాలి. నిజానికి మాత్రల్లోది కాలేయం నుంచి తీసింది కాదు, ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారుచేసింది. కానీ ప్రకృతి ఈ పదార్థాన్ని జీవుల్లో ఎంత పొదుపుగా పెట్టిందో తెలియడానికి ఈ లెక్క పనికొస్తుంది.

అంత తక్కువ సరుకుతో అది చేసే పని మాత్రం చిన్నది కాదు. స్లాబ్ వేసే చోట ఎప్పుడైనా నిలబడి చూశారా? మా నాన్న చేసేది ఆ పనే, నేనూ సెలవుల్లో వెళ్లేవాణ్ణి. మిల్లర్ దగ్గర నింపిన తట్టను ఒకరు అందుకుని పక్కవారికి, వారు పైవారికి అందిస్తారు. మధ్యలో నిలబడ్డ మనిషి కాళ్లు కదలవు, నడుము నుంచి పైభాగం మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. మన కణాల్లోని మైటోకాండ్రియాలో లిపోయిక్ ఆమ్లం సరిగ్గా ఆ మధ్య మనిషి. దాని ఒక కొసను లైసిన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా కట్టేసి ఉంచుతుంది ప్రొటీన్. గంధకం ఉన్న రెండో కొస చేయిలా ఊగుతుంది. ఒక ఎంజైమ్ పైరువేట్‌ను విరిచి ఇచ్చిన రెండు కార్బన్ల ముక్కను ఆ చేయి అందుకుని సహ ఎంజైమ్-ఎ కు అందిస్తుంది. మూడో ఎంజైమ్ ఆ చేతిని మళ్లీ ఖాళీ చేసి సిద్ధం చేస్తుంది. ఆ ముక్క క్రెబ్స్ వలయంలోకి వెళ్తుంది, చివరకు ఏటీపీ తయారవుతుంది. (ఆ ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా ఉన్నారు. 1929లో, ఫిస్కే అనే ఆయనతో కలిసి. జీవశాస్త్రం పాఠంలో ఏటీపీ అని బట్టీ పట్టేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు.)

మనం తిన్న అన్నం శక్తిగా మారే దారిలో ఇంత ముఖ్యమైన చోట ఉంది కాబట్టి మొదట్లో దీన్ని విటమిన్ అనుకున్నారు. తర్వాత తేలిందేమంటే మన శరీరమే దీన్ని తయారుచేసుకుంటుంది, మైటోకాండ్రియాలోనే, ఆక్టనోయిక్ ఆమ్లం అనే చిన్న కొవ్వు ఆమ్లం నుంచి. విటమిన్ అంటే బయటి నుంచి తినక తప్పనిది. కాబట్టి ఇది విటమిన్ కాదు. తిండిలో ఇది తక్కువైనందువల్ల వచ్చే జబ్బు అంటూ ఏదీ లేదు. విటమిన్-సి లేకపోతే చిగుళ్లు చెడతాయి, ఐరన్ లేకపోతే రక్తహీనత వస్తుంది. లిపోయిక్ ఆమ్లానికి అలాంటి చరిత్ర లేదు.

ఇంకో సంగతి. దీన్ని తయారుచేసుకునే శక్తి లేకుండా, జన్యులోపంతో పుట్టే పిల్లలు బహు అరుదుగా ఉంటారు. వారికి ఇదే పదార్థాన్ని బయటి నుంచి ఇచ్చినా ఆ లోపం తీరలేదు. ఎందుకంటే మనుషుల్లో మింగిన లిపోయిక్ ఆమ్లం ఆ ఊగే చేతి స్థానంలోకి వెళ్లి కూర్చోదు. శరీరం ఎక్కడికక్కడ తయారుచేసుకున్నదే అక్కడ పనికొస్తుంది. మన సీనియర్ చూపించిన కరపత్రంలో 'కణాలకు ఇంధనం అందిస్తుంది' అని ఉంది. మైటోకాండ్రియా బొమ్మ కూడా వేశారు. బొమ్మ సరైనదే. ఆ బొమ్మకూ వాళ్లమ్మే డబ్బాకూ మధ్య దారి మాత్రం లేదు.

మరి యాంటీ ఆక్సిడెంట్ మాట అబద్ధమా?

అబద్ధం కాదు. పరీక్షనాళికలో అది నిజం. పాత నూనె కొన్నాళ్లకు కంపు కొట్టడం చూస్తాం కదా. గాలిలోని ఆక్సిజన్ వల్ల నూనె అణువుల్లో జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్కలు పుడతాయి. వాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్క అణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి, అది ఇంకో పక్కదాని నుంచి లాక్కుంటుంది. ఇలా గొలుసుగా సాగుతుంది. మన కణాల్లోనూ ఇవి పుడతాయి. తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఈ గొలుసును తెంపేదే యాంటీ ఆక్సిడెంట్. వయసు మీద పడటానికి ఈ ఫ్రీ రాడికల్సే కారణమని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 1990లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో లెస్టర్ ప్యాకర్ బృందం లిపోయిక్ ఆమ్లం నీటిలోనూ కొవ్వులోనూ పనిచేస్తుందనీ, అయిపోయిన విటమిన్-సి ని మళ్లీ పనిలోకి తెస్తుందనీ చూపించింది. 2002లో అదే ఊరి శాస్త్రవేత్తలు ముసలి ఎలుకలకు దీన్ని ఇంకో పదార్థంతో కలిపి పెడితే అవి చురుగ్గా తిరిగాయని ప్రచురించారు. అక్కడి నుంచి వ్యాపారం ఊపందుకుంది.

ఎలుక దగ్గర నుంచి మనిషి దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. మనం మింగిన మాత్రలో రక్తంలోకి చేరేది సుమారు 30 శాతం. అన్నం తిన్నాక వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. చేరినది కూడా నిలవదు. సుమారు అరగంటకొకసారి సగానికి పడిపోతుంది. ఉదయం 7 గంటలకు వేసుకున్నవాడి రక్తంలో పదకొండు గంటలకు దాదాపు ఏమీ ఉండదు. పైగా మన కణాల్లో శరీరం సొంతంగా చేసుకునే గ్లూటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. ఇంటి నిండా మనుషులుండగా అరగంట వచ్చి వెళ్లే చుట్టంలాంటిది ఈ మాత్ర.

ఫ్రీ రాడికల్స్ అంటే అన్నీ శత్రువులే అనుకోవడం కూడా సరికాదు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపేది వాటితోనే. మన కానిస్టేబుల్ తమ్ముడి కోసం ఒక పరిశోధన ప్రత్యేకంగా చెబుతాను. 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు కొందరు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ విటమిన్-సి, విటమిన్-ఇ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకోని వారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. మాత్రలు వేసుకున్న వారిలో ఆ మేలు కనిపించలేదు! కండరాల్లో వ్యాయామం పుట్టించే ఫ్రీ రాడికల్సే "ఇంకా బలపడు" అని శరీరానికి ఇచ్చే సంకేతమనీ, మాత్ర ఆ సంకేతాన్ని నొక్కేస్తుందనీ వారి వివరణ. అది లిపోయిక్ ఆమ్లం మీద చేసిన పరిశోధన కాదు, నిజమే. అయినా పరుగెత్తేవాడు యాంటీ ఆక్సిడెంట్ డబ్బా కొనే ముందు ఆలోచించాల్సిన సంగతే. ఆ డబ్బులకు గుడ్లూ వేరుశనగలూ కొనుక్కొమ్మని వాడికి చెప్పాను.

'సహజమైనది కదా, మేలు జరక్కపోయినా కీడు ఏముంటుంది' అనే మాట కూడా వింటుంటాం. 1994లో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌కు రంగునిచ్చేది, పేరున్న యాంటీ ఆక్సిడెంట్. అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఆశించారు. మాత్రలు వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్ తినడం వేరు, దానిలోని ఒక పదార్థాన్ని విడదీసి మోతాదు పెంచి మింగడం వేరు.

ఆ మాటకొస్తే తిండిలో లిపోయిక్ ఆమ్లం ఎంతుంటుంది? పాలకూరలో, టమాటాలో, పశువుల కాలేయం, మూత్రపిండాలు, గుండెలో కొద్దిగా ఉంటుంది. కొలిచినవాటిలో పాలకూరది పైచేయి. ఎండబెట్టిన పొడి ఒక గ్రాముకు 3 మైక్రోగ్రాముల పైచిలుకు. అంటే 600 మిల్లీగ్రాములు కావాలంటే దాదాపు 200 కిలోల ఎండు పాలకూర తినాలి. పచ్చిదైతే సుమారు రెండు టన్నులు. మన మెస్సులో మంగళవారం పాలకూర పప్పును తిట్టుకుంటూ తిన్నవాళ్లమే అందరం, రెండు టన్నులు మాత్రం మనవల్ల కాదు! పాలకూరను ఫోలేట్ కోసం, పీచు కోసం తినండి. లిపోయిక్ ఆమ్లం కోసం తినక్కర్లేదు. అది మీ దగ్గరే తయారవుతోంది.

షుగరు వారి కాళ్ల మంటలు

ఇప్పుడు మా అమ్మ ప్రశ్న. ఈ పదార్థాన్ని మనుషుల మీద గట్టిగా పరీక్షించింది ఒక్క విషయంలోనే. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని కాళ్లలో మంటలు, తిమ్మిర్లు, సూదులతో పొడిచినట్టు ఉండటం. జర్మనీలో దీన్ని మందుగానే వాడుతున్నారు. అక్కడ 328 మంది మీద చేసి 1995లో ప్రచురించిన పరీక్షలో మూడు వారాలు రక్తనాళంలోకి ఎక్కిస్తే మంటలు తగ్గాయి. 2006లో వచ్చిన మరో పరీక్షలో 181 మందికి ఐదు వారాలు మాత్రలు ఇచ్చారు. 600 మిల్లీగ్రాములతో ఉపశమనం కనిపించింది. 1200, 1800 ఇచ్చినవారికి అదనపు లాభం లేదు, వికారం మాత్రం పెరిగింది. ఇక్కడి దాకా బాగానే ఉంది.

కానీ మన ఆర్.ఎం.పి. చెప్పింది ఐదు వారాలు కాదు, జీవితాంతం. దీర్ఘకాలం మీద పెద్ద పరీక్ష 2011లో వచ్చింది. 460 మంది, నాలుగేళ్లు. మొదట పెట్టుకున్న ముఖ్యమైన కొలమానంలో మాత్ర వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొన్ని చిన్న కొలతల్లో కాస్త మెరుగు కనిపించింది. 2024లో కోక్రేన్ సంస్థ ఆరు నెలలకు పైబడిన పరీక్షలన్నీ కలిపి చూసి, లక్షణాల మీద దీని ప్రభావం బహుశా స్వల్పం లేదా శూన్యం అని తేల్చింది. నా అభిప్రాయం ఇది: డాక్టరు కొన్ని వారాలు వాడి చూడమంటే అందులో తప్పులేదు. తేడా లేకపోయినా ఏళ్ల తరబడి కొనిపించడంలో న్యాయం లేదు, అందులోనూ కూలి డబ్బులతో.

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. ఆ మంటలకు కారణం షుగరేనా? షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు. బి12 తగ్గినా కాళ్లలో అవే తిమ్మిర్లు, అవే మంటలు. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఈ విషయమై వైద్యులను హెచ్చరించింది. మా నాన్న ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. బి12 పరీక్ష ఎవరూ రాయలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చేయిస్తే తక్కువగా వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మంట కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. బి12 లోపం గుర్తించకుండా వదిలేస్తే నరాలు కోలుకోలేనంతగా చెడిపోవచ్చు. కాబట్టి పరీక్ష ముందు, మాత్ర తర్వాత. ఇంకో చిక్కు ఏమంటే మన దగ్గర అమ్మే చాలా పట్టీల్లో లిపోయిక్ ఆమ్లంతో పాటు మిథైల్‌కోబాలమిన్ అంటే బి12 కూడా కలిపే ఉంటుంది. అవి మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే అసలు లోపం బయటపడకపోవచ్చు. ఇక మంట భరించలేనిదైతే, నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్ వంటి పాత, చవకైన మందులే ఇంతకంటే గట్టి ఆధారాలతో ఉన్నాయి. అవి డాక్టరు చూసి రాయాల్సినవి, సొంతంగా కొనేవి కావు.

ఈ మాత్రతో ఇబ్బందులూ ఉన్నాయి. వికారం, కడుపులో మంట, ఒంటి మీద దద్దుర్లు మామూలు. షుగరు మందులతో కలిస్తే రక్తంలో చక్కెర మరింత పడిపోవచ్చు. బహు అరుదుగా, కొన్ని జన్యువులున్న వారిలో శరీరం తన ఇన్సులిన్‌కే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. 2021లో యూరప్ ఆహార భద్రతా సంస్థ దీని మీద నివేదిక ఇచ్చింది. పిల్లలు ఎక్కువ మోతాదు మింగి ఫిట్స్ వచ్చిన, ప్రాణం పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పట్టీని అటక మీదో పెట్టెలోనో పెట్టండి.

గొలుసుకట్టు అన్నయ్య విషయం రాయకుండా ఉండలేను. ఆయన చెడ్డవాడు కాదు. ఉద్యోగం రాక, ఇంటికి ముఖం చూపించలేక అందులో చేరాడు. మొదటి పెట్టె సరుకు వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నాడు. అమ్ముకోవడానికి ఆయనకు తెలిసిన మనుషులు మనమే. అందుకే వాళ్లు మనలాంటి వాళ్లనే వెతికి చేర్చుకుంటారు. ఒక హాస్టల్లో ఏళ్ల తరబడి కలిసి తిన్న వందమంది ఒకరి మాట ఒకరు నమ్ముతారని వాళ్లకు తెలుసు. మనుషుల్ని చేర్పిస్తేనే డబ్బు వచ్చే పిరమిడ్ పద్ధతిని 2021 ప్రత్యక్ష విక్రయాల నిబంధనలు నిషేధించాయి. ఆహార సప్లిమెంటుగా అమ్మే డబ్బా మీద 'వైద్య అవసరాలకు కాదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ముద్రించాలని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనే ఉంది. ఆ అన్నయ్య డబ్బాను తిప్పి నేను ఆ అక్షరాలు చూపించాను. ఆయన ఏమీ అనలేదు. ఇంకా ఆరు డబ్బాలు ఇంట్లో ఉన్నాయన్నాడు.

షుగరు ఉన్న అమ్మానాన్నల కోసం, మాత్ర ఉన్నా లేకపోయినా చేయాల్సింది ఒకటుంది. రోజూ రాత్రి వారి పాదాలు చూడండి. వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు. వంగలేకపోతే కింద చిన్న అద్దం పెట్టి చూసుకోమనండి. మంట పుట్టే పాదం కంటే స్పర్శ తెలియని పాదానికి ప్రమాదం ఎక్కువ. మేకు గుచ్చుకున్నా తెలియదు, సిమెంటు తిన్నా తెలియదు. వేడినీళ్లలో కాలు పెట్టేముందు మోచేత్తో వేడి చూడాలి. పనిలోకి చెప్పుల్లేకుండా పంపొద్దు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు సన్నని నైలాన్ పోగుతో అరికాలి స్పర్శ పరీక్ష చేయమని అడగండి. రెండు నిమిషాల పని, మందుబిళ్లతో పనిలేదు.

వార్షికోత్సవం రోజు నేను ఉదయం నుంచే హాస్టల్లో ఉంటాను. ఇంట్లో వాడుతున్న పట్టీలు, రక్తపరీక్ష కాగితాలు ఎవరైనా తెస్తే కూర్చుని చదివిపెడతాను. మందు మార్చే పని డాక్టరుది, కానీ డాక్టర్ని ఏమడగాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వగలను.